ఉప్పు: పన్ను నుంచి పథ్యం దాకా



మన సరిహద్దు జిల్లాల్లో రెండు భాషలు ఒకే వాకిట్లో కాపురముంటాయి. ఒక వస్తువుకు తెలుగులో ఒక పేరు, కన్నడంలో మరొక పేరు ఉండడం మనకు మామూలే. ఉప్పుకు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే మాట. కోలారు సంతలో అడిగినా ఉప్పే, హిందూపురం అంగడిలో అడిగినా ఉప్పే. కన్నడంవారు ఊరగాయను ఉప్పినకాయి అంటారు, ఉప్మాను ఉప్పిట్టు అంటారు, ముద్దలోకి చేసుకునే ఒక చారుకు ఉప్పుసారు అనే పేరు పెట్టుకున్నారు. ఉప్పును మించిన రుచి లేదు, తల్లిని మించిన చుట్టం లేదు అని వారి సామెత. ఇక ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్న సామెత రెండు భాషలకూ ఉమ్మడి సొత్తు.

ఇంత ఆప్తమైన వస్తువును తగ్గించుకోమని ఇప్పుడు వైద్యులు, ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నారు. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపే, అంటే ఒక చిన్న చెంచాడుకు మించకుండా ఉండాలంటున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల్లోనూ ఇదే మాట ఉంది. ఉప్పు కోసం ఒకప్పుడు జైళ్ళకు వెళ్ళిన జాతికి, ఉప్పు తగ్గించండి అన్న మాట వింతగానే తోస్తుంది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది, మన దేశంలో దీన్ని ఎవరు నడిపించాలి అన్నది ఈనాటి ప్రసంగంలో చరిత్ర సాయంతో ఆలోచిద్దాం.

ముందు మన ప్రాంతం సంగతి. అనంతపురం, మదనపల్లె, పావగడ, బాగేపల్లి, ముళబాగిలు, ఇవన్నీ సముద్రానికి దూరపు ఊళ్ళు. రైలు రాక మునుపు కోస్తా ఉప్పు మనదాకా ఎద్దుల మీద వచ్చేది. లంబాడీలు, కొరవలు వందలాది ఎద్దుల మీద పెరికెలు వేసుకుని, ఉప్పు తెచ్చి ధాన్యం పట్టుకుపోయేవారు. ఉప్పు మోసే కొరవలకు ఉప్పు కొరవలనే పేరు నిలిచిపోయింది. అంతేకాదు, బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల చౌడు నేలల్లో మట్టిని నీళ్ళతో కడిగి, ఆ నీటిని ఇంకబెట్టి ఉప్పు తీసేవారు. కర్ణాటకలోనూ, ఆంధ్రలోనూ ఉన్న ఉప్పరవారి పేరులో ఆ పాత వృత్తి గుర్తు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం స్థాపించింది. ప్రభుత్వానికి పన్ను కట్టని ఉప్పు నేరపు సరుకైంది. మన వైపు చౌడు ఉప్పు సముద్రపు ఉప్పు ఆదాయానికి అడ్డు వస్తున్నదని, పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఆ వృత్తినే అణచివేశారు. మరోవైపు రైళ్ళు వచ్చి ఎద్దుల బిడారుల వ్యాపారం పోయింది. తరతరాలుగా మనకు ఉప్పు మోసి తెచ్చిన కొరవలు బతుకుదెరువు పోగొట్టుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వారి మీదే నేరస్థ జాతుల చట్టం ముద్ర వేశారు. ఉప్పు చరిత్రలో ఈ పుట పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

ఉప్పు ప్రియమైన కాలంలో పేదవాడి భోజనం ఎలా ఉండేదో ఊహించండి. ఇంత సంగటి ముద్ద, దానికి తోడు ఇంత ఊరుమిండి, లేదా చింతకాయ తొక్కు, అదీ లేకపోతే ఉప్పూ మిరపకాయా. ముద్దలో రుచి లేదు కనుక నంజుకునేది ఘాటుగా, ఉప్పగా ఉండాలి. కొంచెం నంజుకుంటే ముద్దంతా దిగాలి. ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఇవన్నీ కూర లేని రోజుకు దాచుకున్న ఆధారాలు. మన నాలుకకు ఉప్పు రుచి మరిగింది లేమిలోనే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

ఇక 1930 సంగతి మీకు తెలిసిందే. సుమారు 37 కిలోల ఉప్పుకు రూపాయి పావలా ఉన్న పన్నును 1923లో రెట్టింపు చేసి రెండున్నర రూపాయలు చేశారు. జనం గగ్గోలు పెడితే 1924లో మళ్ళీ దించారు. ధనవంతుడూ, కూలివాడూ ఒకే రేటున కట్టే పన్ను ఇది అని గాంధీజీ దీన్నే పట్టుకున్నారు. 1930 మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి ఏప్రిల్ 6న దండిలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 13న, కర్ణాటకలో అంకోలా తీరాన ఎం.పి. నాడకర్ణి నాయకత్వంలో ఉప్పు తీశారు. ఆంధ్రలో కొండా వెంకటప్పయ్య, మద్రాసులో టంగుటూరి ప్రకాశం, కాశీనాథుని నాగేశ్వరరావు, దుర్గాబాయి ఉద్యమాన్ని నడిపారు. చివరికి 1947లో, స్వాతంత్ర్యం ముంగిట, ఆ పన్ను రద్దయింది.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఉప్పు కోసం అంత పోరాటం నడిపిన గాంధీజీ తానే ఒకప్పుడు ఉప్పు మానిన మనిషి. దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు కస్తూరిబా జబ్బుపడితే, ఉప్పూ పప్పులూ మానమని ఆయన బతిమాలారు. మీరైనా మానగలరా అని ఆమె అడిగితే, అప్పటికప్పుడు ఏడాదిపాటు రెండూ మానేస్తున్నానని ప్రకటించారు. ఈ సంఘటన ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. ఉప్పు మీద హక్కు వేరు, ఉప్పు మీద అదుపు వేరు. మొదటిది లాక్కున్న ప్రభుత్వాన్ని ఎదిరించారు. రెండోదాన్ని తన విస్తరి దగ్గర తానే పాటించారు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం మళ్ళీ ఉప్పు జోలికి వచ్చింది. ఈసారి పన్ను కోసం కాదు, వైద్యం కోసం. నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో, అయోడిన్ లోపం వల్ల గొంతు దగ్గర వాపు వచ్చే గళగండం వ్యాధి విపరీతంగా ఉండేది. మన శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుంచి అక్కడ ఒక పెద్ద పరిశోధన చేశారు. కొన్ని ఊళ్ళకు అయోడిన్ కలిపిన ఉప్పు, మరికొన్నిటికి మామూలు ఉప్పు పంపి ఏళ్ళ తరబడి గమనించారు. అయోడిన్ ఉప్పు వాడిన ఊళ్ళలో వాపు తగ్గిందని రుజువైంది. 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలైంది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదని 1998లో నిషేధించారు, 2000లో ఆ నిషేధం ఎత్తివేశారు, 2006లో తిరిగి పెట్టారు. ఆ చర్చలు ఎలా ఉన్నా, ఇది పైనుంచి జరగగలిగిన పని. కర్మాగారంలో అయోడిన్ కలిపితే చాలు, వంటింట్లో ఎవరి అలవాటూ మారనక్కరలేదు.

ఇప్పుడు మూడో ఘట్టంలో ఉన్నాం. ఉప్పు చౌక అయింది, సమృద్ధి అయింది. లేమి కాలంలో అలవాటైన నాలుక మాత్రం అలాగే ఉంది.

ఉప్పు అతి అయితే చేటు అన్నది పరాయి మాట కాదు. చరక సంహితలో పిప్పళ్ళు, క్షారం, లవణం ఈ మూడింటినీ మితిమీరి వాడవద్దని స్పష్టంగా ఉంది. సింధు, సౌరాష్ట్ర ప్రాంతాలవారు పాలతో కూడా ఉప్పు తింటారని, దానివల్ల శరీరం సడలిపోతుందని అందులో హెచ్చరించారు.

ఆధునిక వైద్యం దీనికి కారణం చెప్పింది. ఉప్పులో ఉన్న సోడియం రక్తంలో పెరిగితే, దాన్ని పలుచన చేయడానికి శరీరం నీళ్ళు అడుగుతుంది. అదే దాహం. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్న సామెతలో ఉన్న శాస్త్రం ఇదే. అలా చేరిన నీటితో రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. మిగులు ఉప్పును బయటికి పంపే భారం మూత్రపిండాల మీద పడుతుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే రక్తపోటు స్థిరపడుతుంది. రక్తపోటుకు నొప్పి లేదు, జ్వరం లేదు. ఏ లక్షణమూ చూపకుండా ఉండి, ఒకనాడు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. పొలంలో దుక్కి దున్నే మనిషి ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోయి మంచాన పడితే ఆ ఇల్లంతా కూలబడుతుంది. పిల్లల చదువు ఆగుతుంది. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఆ సంగతి మాకు ముందుగా తెలుస్తుంది.

1988లో 32 దేశాలలోని 52 కేంద్రాల్లో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం వెలువడింది. మన దేశం నుంచి ఢిల్లీ, లడఖ్ అందులో ఉన్నాయి. ఉప్పుకూ రక్తపోటుకూ ఉన్న సంబంధాన్ని అది లోకం ముందు పెట్టింది.

అయితే కొన్ని దేశాలు అంతకు ముందే పని ప్రారంభించాయి. ఫిన్లాండులో ఉత్తర కరేలియా అనే జిల్లాలో గుండెజబ్బు చావులు ఎక్కువగా ఉండేవి. 1972లో డాక్టర్ పెక్కా పుస్కా నాయకత్వంలో అక్కడ ప్రజలను కూడగట్టి ఆహారం మార్చే ఉద్యమం మొదలుపెట్టారు. ఉప్పు ఎక్కువున్న సరుకుల మీద ఆ మాట ముద్రించాలని తరువాత చట్టం తెచ్చారు. రోజుకు 12 గ్రాముల దాకా ఉన్న ఉప్పు వాడకం ముప్ఫై ఏళ్ళలో 9 గ్రాముల దగ్గరికి దిగింది. ఇంగ్లండులో ప్రభుత్వం రొట్టె, బిస్కట్ల వంటివి తయారుచేసే కంపెనీలను పిలిచి, ఏటేటా కొంచెం కొంచెంగా ఉప్పు తగ్గించమని లక్ష్యాలు పెట్టింది. 2001లో 9.5 గ్రాములున్న సగటు 2011 నాటికి 8.1 గ్రాములకు దిగింది. తగ్గిందని తినేవాళ్ళకు తెలియను కూడా తెలియలేదు.

మనకు ఎక్కువగా పోలిక కుదిరేది జపానుతో. వారూ వరి అన్నం తినేవారే. ఉప్పులో ఊరవేసిన కూరగాయలు, మిసో అనే సోయా ముద్దతో కాచిన చారు, ఇవి వారి నిత్య భోజనం. ఉత్తర జపానులో పక్షవాతం చావులు విపరీతంగా ఉండేవి. 1960 తరువాత ప్రభుత్వం ప్రచారం పట్టింది. దేశపు సగటు 13.5 గ్రాముల నుంచి 12.1 గ్రాములకు, ఉత్తరాన 18 నుంచి 14 గ్రాములకు పదేళ్ళలో దిగింది. పక్షవాతం చావులూ బాగా తగ్గాయి. ఆ మేలంతా ఉప్పు వల్లనే అనలేం, వైద్యమూ మెరుగైంది. కానీ గమనించవలసింది పని జరిగిన తీరు. నగానో అనే ప్రాంతంలో 1980ల్లో గ్రామ మహిళలే స్వచ్ఛందంగా ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి మీది చారులో ఉప్పెంతో కొలిచి చెప్పారు.

మరి మన లెక్క ఎంత? అది తేల్చింది మనకు దగ్గర్లోని సంస్థే. బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా మన వైపు వచ్చే పెద్ద రోడ్డు పక్కన, పూజనహళ్ళిలో, భారత వైద్య పరిశోధన మండలికి చెందిన జాతీయ వ్యాధి సమాచార పరిశోధన కేంద్రం ఉంది. 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన అంటువ్యాధులు కాని జబ్బుల సర్వేను ఆ కేంద్రమే నడిపించింది. 18 నుంచి 69 ఏళ్ళవారి మూత్ర పరీక్షల ఆధారంగా లెక్కవేసి 2023లో ప్రచురించిన ఫలితం ఇది. భారతీయుల సగటు ఉప్పు రోజుకు 8 గ్రాములు. మగవారికి 8.9, ఆడవారికి 7.1 గ్రాములు. అంతకుముందు 2014లో 24 గంటల మూత్రం సేకరించి చేసిన మరొక అధ్యయనంలో ఢిల్లీ, హర్యానాల్లో సుమారు 8.6 గ్రాములు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9.5 గ్రాములు తేలింది. ఉప్పులో మనం ఉత్తరాదివారిని మించిపోయాం.

ఉప్పు వాడకాన్ని 2025 నాటికి 30 శాతం తగ్గించాలని 2013లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. మన దేశమూ అదే లక్ష్యాన్ని స్వీకరించింది. 2018లో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 'ఆజ్ సే థోడా కమ్', అంటే నేటి నుంచి కొంచెం తక్కువ, అనే ప్రచారం చేపట్టింది. కానీ ప్రపంచం ఆ లక్ష్యానికి దూరంగా ఉందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రకటించింది. 2025లో చెన్నైలోని జాతీయ సాంక్రమిక రోగ విజ్ఞాన సంస్థ తెలంగాణలోనూ, పంజాబులోనూ గ్రామ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉప్పు తగ్గించే ప్రయోగం మొదలుపెట్టింది.

మన దేశంలో పని ఎందుకు నెమ్మదించింది? కారణం ఒక్కటే. ఇంగ్లండులో ఉప్పు రొట్టెల కంపెనీ నుంచి వస్తుంది. పది కంపెనీలతో మాట్లాడితే దేశమంతా తగ్గుతుంది. మన ఉప్పులో పెద్ద వాటా వంట చేసే చేతి నుంచే వస్తుంది. అందుకని ఢిల్లీలో ఉత్తర్వు వెలువడినంత మాత్రాన సంగటిలోకి చేసే పులుసు మారదు. ఈ జాతీయ ఉద్యమానికి నాయకత్వం ఉప్పు జాడీ దగ్గర ఉన్నవారిది.

కానీ ఆ నాయకురాలికి అధికారం ఉందా? మన ఇళ్ళలో ఉప్పు కాస్త తక్కువైతే కోడలికి మాట పడుతుంది. మగవాడు మొదటి ముద్దకే మొహం చిట్లిస్తాడు. కారం ఎక్కువైతే ఊరుకుంటారు గానీ ఉప్పు తగ్గితే ఊరుకోరు. కాబట్టి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒప్పుకుంటే తప్ప ఆమె ఒక్కతే చేయగలిగింది కొంచెమే. ఎక్కువ తింటున్నది మగవారేనని లెక్క చెబుతున్నది గనుక, ముందు ఒప్పుకోవలసిందీ వారే.

దీనికి ఒక చిన్న లెక్క చెబుతాను. పిల్లలతో పలక మీద వేయించండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్టు నెల రోజులు వస్తున్నదనుకుందాం. వెయ్యి గ్రాములను నలుగురికీ, 30 రోజులకూ పంచితే తలకు రోజుకు సుమారు 8.3 గ్రాములు. బెంగళూరు కేంద్రం చెప్పిన సగటు దాదాపు ఇదే. తలకు 5 గ్రాముల చొప్పున వాడితే అదే ప్యాకెట్టు 50 రోజులు వస్తుంది. ఊరగాయకు, బయటి తిండికి పోయే ఉప్పు దీనికి అదనం. ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే రాసిపెట్టండి. నెలకు అయిపోయే ప్యాకెట్టు ముందు 35 రోజులు, తరువాత 40 రోజులు, అలా మెల్లగా 50 దాకా రానివ్వండి. ఒక్కసారిగా తగ్గిస్తే నాలుక తిరగబడుతుంది. కొంచెం కొంచెంగా తగ్గిస్తే కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది.

మజ్జిగలో, అన్నం వార్చే నీళ్ళలో, చపాతీ పిండిలో ఉప్పు మానవచ్చు. విస్తరి పక్కన ఉప్పు గిన్నె పెట్టకపోతే చాలా తగ్గుతుంది. ఊరగాయ బద్ద ఒకటి చాలు. లోటు తీర్చడానికి నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, కొత్తిమీర, పచ్చి చింతకాయ మన దగ్గర ఉన్నాయి. పిల్లలు కొనే పొట్లాల మీద సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ముద్రించి ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క తెలుస్తుంది. 2,000 మిల్లీగ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. తగ్గించమన్నారని అయోడిన్ ఉప్పు మాని వేరే ఉప్పుకు మారకండి. వాడే ఆ కొంచెమూ అయోడిన్ ఉప్పే కావాలి. కల్లుప్పులోనూ, సైంధవ లవణంలోనూ ఉన్నది ముఖ్యంగా సోడియమే. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇప్పుడు దొరుకుతున్నది. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మంది మీద చేసిన పరిశోధనలో, అటువంటి ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. అయితే మూత్రపిండాల జబ్బున్నవారికి, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు. వైద్యుని అడగకుండా వాడకండి. ఎండలో పనిచేసేవారికి చెమటతో ఉప్పు పోయే మాట నిజమే గానీ, మనం తింటున్న 8, 9 గ్రాములు మామూలుగా ఆ అవసరాన్ని మించే ఉంటాయి. వడదెబ్బ తగిలినా, విరేచనాలు పట్టుకున్నా మాత్రం ఓఆర్‌ఎస్ ద్రావణం ఇవ్వాలి. అప్పుడు ఉప్పు భయం వద్దు. రక్తపోటు మందులు వాడేవారు ఉప్పు తగ్గించామని మందులు మానకూడదు.

పన్ను కట్టనని చెప్పడానికి 1930లో ఎదురుగా ఒక ప్రభుత్వం ఉంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది మన అలవాటు. అంగడి నుంచి తెచ్చిన ప్యాకెట్టు మీద ఈ రాత్రే తేదీ వేసి చూడండి, అది ఎన్నాళ్ళు వస్తుందో.